సబ్బు, సుబ్బారావు, నీలిరంగు

1986లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీలో నాకు సీటు వచ్చినప్పుడు, ఆ చదువు పేరును తడబడకుండా పలకగలిగినవాళ్ళు మా ఊళ్ళో ఇద్దరే ఉండేవారు. ఒకరు నేను, రెండవవారు ఆ సంగతి తెలిపే ఉత్తరాన్ని అరుగుమీద అందరికీ చదివి వినిపించిన పోస్టుమాస్టరు గారు. నల్లగొండ జిల్లాలోని మా ఊరికి డాక్టరు చదువు తెలుసు, పంతులు చదువు తెలుసు. ఈ రెండింటికీ మధ్య ఇంకొకటి ఉంటుందని మా నాయన పదిమందికీ చెప్పుకోవలసి వచ్చింది. "డాక్టరు చదువు కాదు గని, డాక్టర్లకు కావలసిన చదువు" అని ఆయన సర్ది చెప్పిన ఫలితంగా, నేను సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చి కాలి పుండో, పిల్లవాడి కడుపో చూపించేవారు.

ఇంటర్మీడియట్ వరకు తెలుగు మాధ్యమంలో చదివినదాన్ని. ప్రోటీన్లు నాకు మాంసకృత్తులుగానే తెలుసు. కందిపప్పులో మాంసమేమిటన్న సందేహం చిన్నప్పుడు మా నాయనమ్మను ఎంతగా వేధించిందంటే, ఆమె ఒక శనివారం పప్పే తినలేదు. అటువంటి నేను గౌలిగూడ బస్టాండులో ఒక రేకు పెట్టెతో దిగి, క్యాంపస్‌లోని లేడీస్ హాస్టలు చేరి, వారం తిరక్కుండానే ప్రోటీన్లకు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలు ఇరవైంటినీ వాటి నిర్మాణాలతో సహా గీయవలసిన తరగతిలో కూర్చున్నాను. తరగతుల గురించి ఎక్కువ చెప్పను. నోట్సు రాసుకున్నాము, బట్టీ పట్టాము, కొంత మరిచిపోయాము. నాకు బాగా గుర్తున్నది ప్రయోగశాల.

మొదటి ఆరు నెలలు అక్కడ రంగులతోనే గడిచిపోయాయి. కంటికి కనిపించని పదార్థం ఉన్నదో లేదో తెలుసుకోవాలంటే దాన్ని ఏదో ఒక రంగుగా మార్చి చూడవలసిందే. చక్కెర ద్రావణంలో ఆల్ఫా నాఫ్తాల్ రెండు చుక్కలు వేసి, టెస్టుట్యూబును వాల్చి పట్టుకుని, దాని గోడవెంట గాఢ సల్ఫ్యూరిక్ ఆసిడ్‌ను ఊపిరి బిగబట్టి జారవిడిస్తే, రెండు ద్రవాలు కలిసిన చోట ఊదారంగు ఉంగరం ఒకటి మెల్లగా తేలుతుంది. బెనెడిక్ట్ ద్రావణం నీలం నుంచి ఆకుపచ్చకు, పసుపుకు, చివరికి ఇటుక రంగుకు తిరుగుతుంది. నిన్‌హైడ్రిన్ వేలికి అంటితే నాలుగు రోజులు ఊదా మరక పోదు. మాలో ఒకమ్మాయి దాన్ని గోరింటాకు చుక్కలాగా అరచేతిలో పెట్టుకుని మెస్సులో అందరికీ చూపించింది. ఫినైల్ హైడ్రజీన్‌తో మరిగించి చల్లార్చిన చక్కెరల స్ఫటికాలు సూక్ష్మదర్శినిలో గడ్డివాములోని పరకల్లాగా, పొద్దుతిరుగుడు పూలలాగా కనిపించేవి. అందులోనూ గ్లూకోజుకూ ఫ్రక్టోజుకూ ఒకే రకం స్ఫటికాలు వస్తాయని తెలియక, నేను రెండింటికీ వేరువేరు బొమ్మలు గీసి రికార్డు తిప్పి కొట్టించుకున్నాను.

రంగు పోవడం కూడా ఒక పరీక్షే. నోరు పుక్కిలించి, బీకరులో ఉమ్మి, ఆ లాలాజలాన్ని పలచన చేసి గంజిద్రావణంలో కలిపి, నిమిషానికొక చుక్క తీసి తెల్లటి పలకమీది అయోడిన్ బొట్లలో వేస్తూ పోవాలి. ముందు ముదురు నీలం, తరువాత ఊదా, ఆ తరువాత ఎరుపు, చివరికి అయోడిన్ తన సొంత రంగులోనే ఉండిపోతుంది. గంజి అంతా కరిగిపోయిందన్నమాట. ఎవరి లాలాజలం ముందుగా పని ముగిస్తుందో అని పందేలు వేసుకునేవాళ్ళం. ఎప్పుడూ గెలిచేది మాలో అందరికంటే ఎక్కువ మాట్లాడే అమ్మాయి.

కండరాలలో తయారై మూత్రంలో బయటికి పోయే క్రియాటినిన్‌ను కొలిచే ప్రయోగం మాత్రం అంత సరదాగా మొదలు కాలేదు. 24 గంటల మూత్రాన్ని ఒక్క చుక్క కూడా పోనీయకుండా, పాడుకాకుండా కొంచెం టొల్యూన్ వేసిన డబ్బాలో పట్టి తేవాలి. ఆ డబ్బాను సంచిలో పెట్టుకుని, పైన నోటుపుస్తకాలు కప్పుకుని, ఆర్ట్స్ కాలేజీ ముందునుంచి డిపార్ట్‌మెంటు దాకా నడిచిన ఆ ఉదయం నాకు ఈనాటికీ గుర్తే. దారిలో మా జిల్లాకే చెందిన ఒక సీనియర్ అక్క ఎదురై, "ఏం చెల్లె, ఊరికెంచి నూనె తెచ్చుకున్నవా?" అని ఆప్యాయంగా అడిగింది. అవునన్నాను. "రాత్రికి కొంచెం నాకు గూడ పొయ్యరాదు, మా రూముల నూనె అయిపోయింది" అన్నది. ఆ రాత్రి ఆమెకు కనపడకుండా రెండవ అంతస్తులో ఒక స్నేహితురాలి గదిలో పడుకున్నాను.

ఆ ప్రయోగంలో అసలు విశేషం మాకు తరువాత తెలిసింది. ఒక మనిషి శరీరంనుంచి రోజూ బయటికి పోయే క్రియాటినిన్ కండరాల పరిమాణాన్నిబట్టి ఉంటుంది, తిన్న తిండినిబట్టి పెద్దగా మారదు అని 1905లోనే ఫోలిన్ అనే జీవరసాయన శాస్త్రజ్ఞుడు చూపించాడు. కాబట్టి మూత్రం మొత్తం పట్టారా, మధ్యలో వదిలేశారా అన్నది క్రియాటినినే పట్టి ఇస్తుంది. పిక్రిక్ ఆమ్లం, క్షారం కలిపిన ట్యూబులన్నీ నారింజ రంగుకు తిరుగుతూ ఉంటే, హాస్టలులో కబడ్డీ ఆడే అమ్మాయి ట్యూబు అందరికంటే ముదురుగా వచ్చింది. ఒకమ్మాయికి మాత్రం రోజుకు ఒక గ్రాము రావలసిన చోట అర గ్రాము కూడా రాలేదు. మేడమ్ ఆ అంకె చూసి, తలెత్తకుండానే, "నిన్న సాయంత్రం సినిమాకు వెళ్ళావా అమ్మా?" అని అడిగారు. వెళ్ళింది.

ఆ అమ్మాయిని చూసి నేను నవ్విన నవ్వుకు ఫలితం నెల తిరగకుండానే అనుభవించాను.

ఆ రోజు ప్రయోగం కోడిగుడ్డు సొనలోని లెసిథిన్ అనే కొవ్వులో ఎంత ఫాస్ఫరస్ ఉందో కనుక్కోవడం. సొననుంచి కొవ్వును తీసి, దానిలో కొంత భాగాన్ని ట్యూబులో ఆసిడ్‌తో కాచాలి. అది నల్లబడి, పొగలు వదిలి, మళ్ళీ నీళ్ళలాగా తేటపడేదాకా మంటమీద ఆడిస్తూ ఉండాలి. చల్లారిన తరువాత అమ్మోనియం మాలిబ్డేటు, దాని వెనుక రంగును తెప్పించే క్షయకరణి కలిపితే, ఫాస్ఫేటు ఎంత ఉంటే అంత నీలం వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉందో కలరీమీటరులో ఎర్ర ఫిల్టరు పెట్టి కొలవాలి. ప్రమాణాలుగా తెలిసిన మోతాదులతో అయిదు ట్యూబులు, తెలియనివి రెండు, వీటితోపాటు ఒక బ్లాంకు. బ్లాంకు అంటే మిగతా ట్యూబుల్లో వేసినవన్నీ వేసి, మనం వెతుకుతున్న వస్తువును మాత్రం వేయని ట్యూబు. అందులో రంగు రాకూడదు. దాన్ని యంత్రంలో పెట్టి ముల్లును సున్నాకు తెచ్చిన తరువాతే మిగిలినవాటిని చదవాలి.

ముందటి వారం ట్యూబులు గుడ్డు జిడ్డుతో ఉన్నాయి. వాటిని క్రోమిక్ ఆసిడ్‌లో రాత్రంతా నానబెట్టి, కుళాయి నీటితోనూ, ఆపైన స్వేదనజలంతోనూ కడగాలన్నది నియమం. మా ఇంట్లో అంట్లు తోమడంలో నన్ను మించినవాళ్ళు లేరని అమ్మ చెప్పేది. ఆ ధీమాతో హాస్టలునుంచి సబ్బుపొడిని కాగితం పొట్లంలో కట్టుకుని వెళ్ళి, బ్రష్షుతో రుద్ది, ట్యూబులన్నింటినీ వెండిలాగా మెరిపించాను. రాత్రంతా నానబెట్టవలసిన పనిని పావుగంటలో ముగించానని మా బ్యాచిలో మిగతా ముగ్గురూ నన్ను మెచ్చుకున్నారు కూడా.

మాలిబ్డేటు వేసి, క్షయకరణి కలిపి, పది నిమిషాలు ఆగి చూస్తే బ్లాంకు నీలంగా ఉంది. లేత నీలం కాదు, చవితినాడు కొనే చవక పటంలోని వినాయకుడి పంచె అంచు రంగు. అయిదు ప్రమాణాలనూ గ్రాఫు కాగితంమీద గుర్తిస్తే సున్నానుంచి తిన్నగా పైకి పోవలసిన గీత ఎక్కడా లేదు; గద్దను చూసిన కోడిపిల్లల్లాగా చుక్కలు తలా ఒక దిక్కు పోయాయి. అప్పటికి సాయంత్రం నాలుగు దాటింది, మళ్ళీ మొదటినుంచి చేసే ఓపిక లేదు. నిరుటి సీనియరు రికార్డు ఒకటి మా దగ్గర ఉంది. అందులోని అంకెలకు అటూ ఇటూగా మా అంకెలు దిద్ది, స్కేలు పెట్టి అందమైన గీత గీసి, సార్ దగ్గరకు పట్టుకుపోయాను.

సార్ గ్రాఫును చాలాసేపు చూశారు. "బ్లాంకు ఏ రంగు వచ్చింది?" అన్నారు. "రంగేమీ రాలేదు సార్" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. లేచి, నా వెనుకనే ఉన్న సింకు దగ్గరకు నడిచి, నేను ఇంకా పారబోయని ట్యూబుల స్టాండును తీసుకువచ్చి, నా గ్రాఫు పక్కన పెట్టి, తన కుర్చీలో కూర్చుని మరొకరి రికార్డు దిద్దడం మొదలుపెట్టారు. ఆ స్టాండులో మొదటి ట్యూబుమీద నా చేతిరాతతోనే "బ్లాంకు" అని రాసి ఉంది. ఆయన తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని.

కారణం పట్టుకున్నది అటెండరు తాత. అందరూ వెళ్ళిపోయిన తరువాత నేను ఆ ట్యూబులను ముందు పెట్టుకుని కూర్చుని ఉంటే, ఆయన వచ్చి ఒకదాన్ని వెలుతురుకు పట్టి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, "సబ్బుపొడితోని తోమినవా బిడ్డా?" అని అడిగాడు. తోమానని చెప్పాను. "గీ పరీక్షకు సబ్బు తగలొద్దు. ఎంత కడిగినా అది గాజును వట్టుకునే ఉంటది. ఆసిడ్లనే నానవెట్టాలె" అన్నాడు. సబ్బుపొడిలో ఫాస్ఫేటు కలుపుతారన్న సంగతి ఆయనకు రసాయన సూత్రంగా తెలియదు. పాతికేళ్ళుగా నాలాంటి పిల్లలు ఏడవగా చూసి తెలుసుకున్నాడు. క్రోమిక్ ఆసిడ్ తొట్టిమీది మూత తీసి, ముదురు నారింజ రంగులో ఉన్నంతవరకే అది పనిచేస్తుందని, "ఆకుపచ్చకు తిరిగిందంటే సచ్చినట్టే, పారబొయ్యాలె" అని కూడా ఆ రోజే చెప్పాడు. ఆ తొట్టిలో ట్యూబులు ముంచుతుండగా నా ఓణీ అంచుకు పడిన మూడు చిల్లులను నేను తరువాత కుట్టించుకోలేదు.

మరుసటి రోజు సార్ దగ్గరకు వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. ప్రయోగం మళ్ళీ చేస్తానన్నాను. ఆయన, "ఈ పద్ధతి పేరేమిటి?" అని అడిగారు. రికార్డులో ఎర్ర సిరాతో రాసుకున్నదే కదా అని, "ఫిస్కే అండ్ సబ్బరో సార్" అన్నాను. మా తరగతిలో అందరమూ అలాగే పలికేవాళ్ళం. పుస్తకంలోని ఇంగ్లీషు అక్షరాలు అలాగే పలకమన్నట్టు ఉండేవి. అది ఎవరో తెల్లదొర పేరనే మా నమ్మకం. సార్‌కు నవ్వు ఆగలేదు. "సబ్బరో కాదమ్మా, సుబ్బారావు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. నువ్వేమో ఆయన పరీక్షలో సబ్బు కలిపావు" అన్నారు.

ఆ తరువాత ఆయన చెప్పిన కథను నేను రికార్డు చివరి పేజీలో రాసుకున్నాను. 1895లో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా వెళ్ళిన సుబ్బారావు, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఈ పద్ధతిని ప్రచురించాడు. దీనితోనే వాళ్ళు కండరాల రసంలోని ఫాస్ఫేటును కొలుస్తుంటే నీలిరంగు రావలసినట్టు రాలేదు. ప్రమాణ ద్రావణంలో నిమిషాలలో నిలకడకు వచ్చే రంగు, కండరపు రసంలో ఆగి ఆగి, ఎంతసేపటికీ పెరుగుతూనే ఉంది. పద్ధతిలో లోపమని కొట్టిపారేయకుండా, ఎందుకు ఆలస్యమవుతోందని వెంటపడితే, ఆసిడ్‌లో మెల్లగా విడిపోతూ ఫాస్ఫేటును వదులుతున్న కొత్త పదార్థం ఒకటి బయటపడింది. అదే ఫాస్ఫోక్రియాటిన్; ఆ సంగతి వాళ్ళు 1927లో వెల్లడించారు. మనం నెల క్రితం డబ్బాల్లో మోసిన క్రియాటినిన్ అందులోనుంచి వచ్చేదే. జీవకణాల శక్తికి నాణెంలాంటి ఏటీపీని కూడా వాళ్ళు కండరంలో గుర్తించారు. 1929లో జర్మనీలో లోమన్ కూడా దాన్ని స్వతంత్రంగా కనుగొన్నాడు. ఫోలిక్ ఆమ్లం గురించీ, ఏనుగుకాలు వ్యాధికి ఇచ్చే మందు గురించీ సార్ మరో అరగంట చెప్పారు గాని, నేను ఆ ఆలస్యంగా వచ్చిన నీలం దగ్గరే ఆగిపోయాను. వాళ్ళ దగ్గర నిరుటి రికార్డు లేదు కదా అనుకున్నాను.

రెండవ ఏడు ధనుర్మాసంలో, కణం ఆహారంనుంచి శక్తిని రాబట్టే చర్యల చక్రమైన క్రెబ్స్ వలయం మాకు పెద్ద గండంగా తయారైంది. సిట్రేటునుంచి మొదలుపెట్టి ఆక్సలోఅసిటేటు దాకా ఎనిమిది పదార్థాలు, వాటి మధ్య ఎంజైములు, ఎక్కడ కార్బన్ డయాక్సైడు పోతుందో, ఎక్కడ హైడ్రోజన్ పోతుందో, ఒకటి గుర్తుంటే మరొకటి జారిపోయేది. హాస్టలు ముందు రోజూ వంతులవారీగా ముగ్గులు వేస్తున్నాము. మా వంతు వచ్చిన రోజున తెల్లవారుజామున నేనూ మా గదిలో అమ్మాయీ కలిసి ఎనిమిది రేకుల చక్రం వేసి, రేకుకొక పదార్థం పేరు రాసి, బయటికి పోయే కార్బన్ డయాక్సైడుకు రెండు తోకలు పెట్టి, నడుమ బంతిపూవు పెట్టాము. చదువుకున్న ముగ్గు అని వంటమనిషి మెచ్చుకున్నది. ఎనిమిదింటికి అటుగా వచ్చిన ఒక సీనియరు చేతులు కట్టుకుని దాని చుట్టూ ఒకసారి తిరిగి, "సక్సినేటు తరువాత మాలేటు వేశారు. ఫ్యూమరేటు ఏది? అది పక్కింటి వాకిట్లో ఉందా?" అని వెళ్ళిపోయింది. ఫ్యూమరేటును మరిచిపోగా మిగిలిన రేకులో మేము సిట్రేటును రెండోసారి రాశాము. ఆ వరుస నాకు ఈ జన్మలో తప్పదు.

విటమిన్ల పాఠం అలా నవ్వుకునేది కాదు. నియాసిన్ గురించి చెబుతూ మేడమ్, అది చాలక వచ్చే పెల్లాగ్రా జబ్బు లక్షణాలు వరుసగా చెప్పారు. ఎండ తగిలే చోట్ల, అంటే ముంజేతులమీద, పాదాలమీద, మెడచుట్టూ, చర్మం నల్లబడి గరుకై పొట్టు లేస్తుందనీ, మెడచుట్టూ వచ్చే ఆ పట్టీకి దాన్ని 1735లో వర్ణించిన స్పెయిన్ వైద్యుడి పేరుమీద కాసల్ హారమని పేరు వచ్చిందనీ, తరువాత విరేచనాలు, ఆపైన మనసు చెదరడం ఉంటాయనీ చెప్పారు. మొక్కజొన్న తినే దేశాల్లో ఉన్న ఈ జబ్బు మన దక్కనులో జొన్న తినేవాళ్ళలో కనిపించింది. మా క్యాంపస్ అంచున తార్నాకలోనే, కూనూరునుంచి 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధన సంస్థ ఉంది. అక్కడి గోపాలన్, శ్రీకాంతియా 1960లో దీనికి కారణం జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లమని ప్రతిపాదించారు. శరీరం ట్రిప్టోఫాన్ అనే మరో అమైనో ఆమ్లం అరవై మిల్లీగ్రాములనుంచి ఒక మిల్లీగ్రాము నియాసిన్‌ను తయారుచేసుకుంటుంది; ఆ దారిలో లూసిన్ అడ్డుపడుతుందని వాళ్ళ వాదం. దానిమీద తరువాత చాలా చర్చ నడిచింది.

నేను అక్కడికి రాయడం ఆపేశాను. మా వాడకట్టులో ఒక పెద్దమ్మ ఉండేది. కూలికి పోయేది, జొన్న గట్కా పచ్చిపులుసూ తప్ప ఇంకొకటి తినగా నేను చూడలేదు. ఎండాకాలం వచ్చేసరికి ఆమె ముంజేతులు కాలిన రొట్టె పైపొరలాగా నల్లగా పగిలేవి. మా అమ్మ దగ్గరకు వచ్చి ఆముదం అడిగి రాసుకునేది. మెడచుట్టూ కూడా ఒక నల్లటి పట్టీ ఉండేది. ఎండకు కమిలిందని అందరూ అనుకునేవారు. ఆఖరి ఏడు ఆమె ఎవరితోనూ మాట్లాడక, గోడకు ఆనుకుని కూర్చుని, కారణం లేకుండా ఏడ్చేది. గాలి సోకిందని నిమ్మకాయలు తిప్పి వేశారు, మైసమ్మకు కోడిని కోశారు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా పోయింది. ఆమెది పెల్లాగ్రాయేనని నేను రుజువు చేయలేను. ఆమె రక్తం తీసి చూసినవాళ్ళు లేరు. కాని మేడమ్ "హారం" అన్న మాట అనగానే నా కళ్ళముందుకు వచ్చింది ఆమె మెడే. నియాసిన్‌కే మరో రూపమైన నికోటినమైడ్ మాత్ర ధర ఎంతో ఆ సాయంత్రం మందుల దుకాణంలో అడిగి తెలుసుకున్నాను. పైసల్లో ఉంది.

ఆ నవంబరులో, అంటే 1987లో, హబ్సిగూడలో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమైన సీసీఎంబీ కొత్త భవనాలను రాజీవ్ గాంధీ జాతికి అంకితం చేశారు. మా తరగతిలో సగం మంది కలలు ఆ గోడల్లోపలికి మారిపోయాయి. ఎవరిని కదిలించినా డీఎన్ఏ మాటలే. నేనుమాత్రం కలరీమీటరు ముల్లు దగ్గరే ఉండిపోయాను. అందుకు నాకు విచారం లేదు. తరువాత ముప్పై ఏళ్ళు ఆసుపత్రి ప్రయోగశాలల్లో పనిచేసినదాన్ని, ముల్లు పోయి అంకెలు వచ్చిన యంత్రాలనూ, అంకెలు పోయి తెర వచ్చిన యంత్రాలనూ చూసినదాన్ని.

1988లో చివరి ప్రాక్టికల్ పరీక్షకు చీటీలు తీయించారు. నాకు లౌరీ పద్ధతిలో ప్రోటీన్ కొలవడం వచ్చింది. 1951లో వచ్చిన ఆ పత్రాన్ని ఉటంకించినంతగా ప్రపంచంలో మరే శాస్త్రపత్రాన్నీ ఉటంకించలేదని అంటారు. అందులోనూ చివరికి వచ్చేది నీలమే. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు బల్లల మధ్య తిరుగుతున్నాడు. నా చేతులు వణుకుతున్నాయి. సామాన్ల గదిలో ట్యూబులు ఇచ్చే వరుసలో నా వంతు రాగానే, అటెండరు తాత ముందున్న స్టాండును పక్కకు జరిపి, వెనుకనుంచి మరొకటి తీసి ఇచ్చాడు. "రాత్రి ఆసిడ్ల నానవెట్టినయే బిడ్డా" అన్నాడు, ఎవరికీ వినపడకుండా.

చివరి ద్రావణం కలిపి, అరగంట ఆగి, ట్యూబులను వరుసగా పెట్టాను. ప్రమాణాలు అయిదూ మెట్లు కట్టినట్టు చిక్కబడుతూ పోయాయి. బ్లాంకును తీసి కిటికీవైపు పట్టుకున్నాను. కలరీమీటరులో పెట్టేముందు మరొకసారి పట్టుకుని చూశాను. దాని గుండా బయట ఉన్న వేపచెట్టు కుడి ఎడమలు తారుమారై, ఆకు ఆకుగా కనిపించింది.